గులాబీ ఉప్పు, నల్లని నాడీకణం: కోబాల్ట్ క్లోరైడ్ సీసాపై ఒక సమీక్ష

ఈ సమీక్ష 100 గ్రాముల ఒక సీసా గురించి. దాని మీద కోబాల్ట్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ అనీ, అణుభారం 237.93 అనీ ఉంటుంది. మూత తీస్తే ఎరుపు తిరిగిన గులాబీ రంగు స్ఫటికాలు కనిపిస్తాయి. ఈ ఉప్పును పేరు తెలియకుండానే చాలామంది చూసి ఉంటారు. తేమ పీల్చడానికి పెట్టే నీలిరంగు సిలికా జెల్ గుళికలు నాలుగు రోజులకు గులాబీ రంగుకు తిరిగేది వాటికి పట్టించిన కోబాల్ట్ క్లోరైడ్ వల్లనే. నీరు లేనప్పుడు నీలం, నీటిని పట్టుకున్నాక గులాబీ. నేను దీన్ని కొన్నది మాత్రం బొద్దింక నాడీసంధిలోని, అంటే నాడీకణాలు గుమిగూడిన ముడిలోని, ఒక్కొక్క నాడీకణాన్నీ కొమ్మలూ రెమ్మలతో సహా చూడడానికి. నాలుగేళ్ల వాడకం తరవాత నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెలిగే రంగులను చూపే ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శిని లేని చిన్న ప్రయోగశాలకు, కణాలకు రంగు పట్టించడానికి దీనికి మించిన అభిరంజకం నాకు కనిపించలేదు. అయితే దుకాణంలో మిగిలిన డబ్బుకు బదులుగా కొన్ని రాత్రుల నిద్ర వదులుకోవాలి.

ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో బొద్దింక పాఠం చదివినవారికి దాని నాడీవ్యవస్థ బొమ్మ గుర్తుండే ఉంటుంది. తలలో మెదడు, దాని కింద మరో నాడీసంధి, రొమ్ములో మూడు, పొట్టలో ఆరు, వాటన్నిటినీ కలుపుతూ జంట దారంలా సాగే ఉదర నాడీదండం. పరీక్షలో ఆ బొమ్మ గీసి భాగాల పేర్లు రాస్తే మార్కులు పడేవి. ఆ బొమ్మలో పూసల్లా కనిపించే రొమ్ము నాడీసంధుల్లో ఒక్కొక్కదానిలోనే వేల నాడీకణాలున్నాయి. తాజాగా కోసి చూస్తే అదంతా చల్లారిన గంజిలా పాలిపోయి ఉంటుంది, ఏ పోగు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఏ లెన్సూ చెప్పదు. కీటకాల నాడీకణాల అమరిక ఈ చిక్కును ఇంకా పెంచుతుంది. కణదేహాలు నాడీసంధి అంచున తొడుగులా పేర్చి ఉంటాయి. ఒక్కొక్క కణదేహం నుంచి సాధారణంగా ఒకే పోగు బయలుదేరి, మధ్యలోని న్యూరోపిల్‌లోకి వెళ్లాకే శాఖలుగా చీలుతుంది. కణాల మధ్య మాటలన్నీ నడిచేది ఆ మధ్య భాగంలోనే కాబట్టి, అంచున ఒక కణదేహం కనిపించినంత మాత్రాన అది ఏ కణమో తేల్చి చెప్పలేం.

ఇంత చిక్కులోనూ కీటకాలు పరిశోధకుడికి ఒక మేలు చేశాయి. ఈ బొద్దింకలో ఉన్న ఫలానా కణం, అదే చోట, దాదాపు అదే ఆకారంతో మరో బొద్దింకలోనూ ఉంటుంది. అందువల్లనే చాలా కణాలకు పేర్లో, అంకెలో ఇవ్వగలిగారు. 1967లో కోహెన్, జాక్‌లెట్ బొద్దింక మూడో రొమ్ము నాడీసంధిలో కండరాలను కదిలించే చాలక నాడీకణాల పటం తయారుచేశారు. నరం తెంచితే ఆ నరానికి చెందిన కణదేహంలో కేంద్రకం చుట్టూ ఆర్‌ఎన్‌ఏ వలయం ఏర్పడుతుందన్న గుర్తే వారికి ఆధారం. ఆ పద్ధతి కణదేహం ఎక్కడుందో చెప్పింది కానీ శాఖల సంగతి చెప్పలేదు. అంతకు ముందు శాఖలను చూపినవి గోల్జీ 1873లో కనిపెట్టిన వెండి పద్ధతీ, జీవకణాలకు పట్టే మిథిలీన్ బ్లూనూ. కీటకాల దృష్టి నాడీసంధులను కహాల్, శాంచెజ్ 1915లో అద్భుతంగా చిత్రించింది ఇలాంటి రంజకాల సాయంతోనే. గోల్జీ పద్ధతికి ఒక స్వభావం ఉంది. వందల కణాల్లో ఏ కొన్నింటికో రంగు పడుతుంది, ఆ కొన్ని ఏవో ఎంచుకునే వీలు మనకుండదు. మనకు కావలసిన కణానికే రంగు ఎక్కించాలంటే రంగును దానిలోపలికి పంపాలి. 1968లో స్ట్రెటన్, క్రావిట్జ్ బట్టలకు అద్దే ప్రోసియాన్ యెల్లోను రొయ్యలు, ఎండ్రకాయల వర్గానికి చెందిన లాబ్‌స్టర్ నాడీకణాల్లోకి పంపి ఆ దారి తెరిచారు. 1972లో పిట్‌మన్, ట్వీడిల్, కోహెన్ బొద్దింక నాడీకణంలోకి కోబాల్ట్ పంపారు. ఈ సీసా కథ అక్కడ మొదలవుతుంది.

పద్ధతి చెప్పడానికి తేలిక. బొద్దింకను ఐస్‌లో పెట్టి స్పృహ తప్పించి, కావలసిన నరాన్ని నాడీసంధితో సహా బయటికి తీసి, తెగిన కొసను వాసెలైన్ గోడ కట్టిన చిన్న గుంటలోకి పెట్టాలి. ముందుగా ఆ గుంటలో ఒక బొట్టు స్వేదనజలం వేస్తే తెగిన తంత్రికాక్షాల (నాడీకణాల పొడవాటి పోగుల) నోళ్లు కాసేపు తెరుచుకుని ఉంటాయి. నిమిషం, రెండు నిమిషాల తరవాత దాన్ని పీల్చేసి 6 శాతం కోబాల్ట్ క్లోరైడ్ బొట్టు వేసి, నాడీసంధి వైపు సెలైన్ ఉంచి, తడి గుడ్డ వేసిన డబ్బాలో రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లవారేసరికి కోబాల్ట్ అయాన్లు తంత్రికాక్షం వెంట వెనక్కి పాకి కణదేహం దాకా చేరతాయి. చేరాయో లేదో మాత్రం అప్పటికి కనిపించదు. కొన్ని చుక్కల అమ్మోనియం సల్ఫైడ్ కలిపిన సెలైన్‌లో వేసినప్పుడే కోబాల్ట్ సల్ఫైడ్ నల్లని అవక్షేపంగా ఏర్పడి కణం బయటపడుతుంది.

ఆ క్షణం గురించి కాస్త విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఈ సీసాకు ఇచ్చే మార్కుల్లో సగం దానికే. పెట్రీ డిష్ కింద తెల్ల కాగితం పరిచి, స్టీరియో సూక్ష్మదర్శినిలో చూస్తూ సల్ఫైడ్ పోయండి. మొదట నరం కొస గోధుమరంగుకు తిరుగుతుంది. అర నిమిషంలో ఆ రంగు నరం పొడవునా నడిచి నాడీసంధి అంచు దాటుతుంది. అక్కడ ఒక్క క్షణం ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తరవాత పాలిపోయిన ముద్ద లోపలినుంచి, కాగితం మీద సిరా చుక్క ఊరినట్టు, ఒక గుండ్రని నల్లని కణదేహం తేలుతుంది. దాని నుంచి బయలుదేరిన పోగు వంపు తిరిగి మధ్యలోకి వెళ్లి వేరులా చీలడం కళ్లముందే కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను సల్ఫైడ్ కంపు కూడా మరిచిపోయాను. మాస్కు పెట్టుకోవడం మరిచిపోయానని పక్కవారు గుర్తుచేస్తేనే తెలిసింది.

కొత్తగా కొన్నవారు పని సరిగా జరిగిందో లేదో తేల్చుకోవడానికి నేను సూచించే పరీక్ష ఒకటుంది. బొద్దింక వెనక కాలికి వెళ్లే అయిదో నరంలో 5ఆర్1 అనే సన్నని శాఖ ఉంది. అందులో ఉన్నవి అయిదే తంత్రికాక్షాలని పియర్సన్, ఐల్స్ చూపారు. కాలి మొదటి భాగమైన కాక్సాలోని కండరాన్ని వేగంగా కదిలించే డీఎఫ్ ఒకటి, నెమ్మదిగా కదిలించే డీఎస్ ఒకటి, నిరోధించేవి మూడు. ఈ శాఖకు కోబాల్ట్ ఎక్కిస్తే నాడీసంధిలో అయిదుకు మించి కణదేహాలు నల్లబడకూడదు. మించితే వాసెలైన్ గోడ కింద నుంచి ద్రావణం పక్క శాఖలోకి కారిందని అర్థం. రెండో, మూడో మాత్రమే కనిపిస్తే సన్నని తంత్రికాక్షాలు రంగు పీల్చుకోలేదని అర్థం. నా మొదటి ఏడు ప్రయత్నాల్లో అయిదు కణాలూ కనిపించినది ఒక్కదానిలోనే. కోహెన్ పటంలో 28వ అంకె వేసిన పెద్ద కణమే డీఎఫ్ అని తరవాతివారు పోల్చి చెప్పారు. మన స్లైడులోనూ అదే చోట అదే పెద్ద కణం నల్లగా నిలబడి కనిపించినప్పుడు, పటంలోని అంకె వట్టి అంకెగా ఉండదు. నేను గమనించినంతలో పెద్ద తంత్రికాక్షాలు త్వరగా నిండుతాయి, సన్నవి సతాయిస్తాయి. ఓపిక ఉంటే మరుసటి రాత్రి దాకా ఉంచవచ్చు. అంతకు మించి ఉంచితే కణజాలం కుళ్లడం మొదలవుతుంది.

సులువుగా అందంగా వచ్చే మరో నమూనా పొట్ట చివరి నాడీసంధి. బొద్దింక వెనక జతగా ఉండే సెర్సైలలో ఒక్కొక్కదాని మీద గాలి కదలికను పసిగట్టే సుమారు 220 సన్నని రోమాలుంటాయి. చెప్పు ఎత్తగానే బొద్దింక పరుగెత్తడంలో వీటి పాత్ర ఉంది. వాటి సమాచారాన్ని పైకి మోసుకుపోయేవి ఏడు జతల మహా నాడీకణాలు. నాడీదండాన్ని ఒక పక్కన తెంచి అక్కడి నుంచి కోబాల్ట్ ఎక్కిస్తే, ఆ లావు తంత్రికాక్షాలు నల్లని తాళ్లలా చివరి నాడీసంధిలోకి దిగి, మధ్యరేఖ దాటి, అవతలి పక్కన ఉన్న కణదేహాల దగ్గర ముగుస్తాయి. ఇలా అడ్డంగా దాటడాన్ని నేను పుస్తకంలో పదిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. స్లైడులో ఒకసారి చూశాక మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

ఇక ఫిర్యాదులు. మొదటిది ఈ సీసా తప్పు కాదు, దాని జోడీది. అమ్మోనియం సల్ఫైడ్ తాజాగా లేకపోతే పని జరగదు. నేను మొదట్లో ఒక స్థానిక దుకాణం నుంచి తెచ్చిన సీసా ముదురు పసుపు రంగులో ఉంది. మూతకు సీలు ఉన్నా లోపలి సరుకు ఎన్నాళ్ల నాటిదో లేబుల్ మీద తేదీ అరిగిపోయి కనిపించలేదు. పన్నెండు నాడీసంధులు దానిలో వేస్తే ఒక్కటీ నల్లబడలేదు. తప్పు నా చేతిలో ఉందనుకుని రెండు వారాలు వాసెలైన్ గోడలు కట్టడమే సాధన చేశాను. చివరకు ఒక చిన్న పరీక్ష నాళికలో కోబాల్ట్ ద్రావణం పోసి ఆ సల్ఫైడ్ చుక్క వేసి చూస్తే, చిక్కని నలుపు రావాల్సిన చోట బూడిదరంగు మడ్డి వచ్చింది. దుకాణదారు మరో సీసా ఇచ్చారు కానీ రెండు వారాలు మాత్రం వెనక్కి రాలేదు. అప్పటి నుంచి ప్రతి సీసా తెరిచిన రోజే ఈ పరీక్ష చేస్తున్నాను. ఒక బొట్టు, అర నిమిషం చాలు.

రెండోది సెలైన్ గురించి. కోబాల్ట్‌కు ఫాస్ఫేట్ పడదు. ఫాస్ఫేట్ కలిపిన సెలైన్ తగిలిందంటే కరగని కోబాల్ట్ ఫాస్ఫేట్‌గా మారి గుంటలోనే మడ్డి కట్టి నరం నోరు మూసేస్తుంది. ప్రయోగశాలలో అందరూ వాడే ఫాస్ఫేట్ బఫర్ సీసా చేతికి దగ్గరగా ఉండడం వల్ల ఈ తప్పు సులువుగా జరుగుతుంది. కోబాల్ట్ పనికి సెలైన్ విడిగా కలిపి, సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవడం మేలు.

మూడోది అసలైన లోపం. కోబాల్ట్ సల్ఫైడ్ ఒక్కటే పెద్ద శాఖలను చూపుతుంది కానీ చివరి రెమ్మలను చూపదు. వాటికి వెండి పట్టించాలి. ముక్కలుగా కోయకుండా మొత్తం నాడీసంధికే వెండి పట్టించే పద్ధతిని బేకన్, ఆల్ట్‌మన్ 1977లో ప్రచురించారు. హైడ్రోక్వినోన్, సిట్రిక్ ఆమ్లం, చక్కెర, గమ్ అకేషియా కలిపిన వెచ్చని ద్రావణంలో సిల్వర్ నైట్రేట్ వేసి చీకట్లో ఉంచాలి. ఈ గమ్ అకేషియా మన తుమ్మబంక జాతిదే, హైడ్రోక్వినోన్ ఒకప్పుడు ఫొటో స్టూడియోల చీకటి గదుల్లో పనిచేసినదే. కోబాల్ట్ సల్ఫైడ్ రేణువుల మీద వెండి పేరుకుని, అంతకుముందు కనిపించని రెమ్మలు కూడా ముదురు గోధుమ నుంచి నలుపుకు తిరుగుతాయి. ఇక్కడ గడియారాన్ని నమ్మకూడదు. అయిదేసి నిమిషాలకు ఒకసారి తీసి చూడాలి. ఒక్క విడత ఆలస్యమైతే నేపథ్యమంతా గోధుమరంగు పట్టి, కష్టపడి నింపిన కణం దానిలో కలిసిపోతుంది. నా దగ్గర అలా పాడైన నాడీసంధులు ఒక డబ్బా నిండా ఉన్నాయి. వాటిని పారేయలేదు, కొత్తగా చేరినవారికి మొదట వాటినే చూపిస్తాను. సరిగా వచ్చినవాటిని ఆల్కహాల్‌లో నీరు తీసి, మిథైల్ సాలిసిలేట్‌లో వేస్తే నాడీసంధి గాజులా పారదర్శకమై, నల్లని కణం ఒక్కటీ గాలిలో తేలుతున్నట్టు మిగులుతుంది. ఆ రోజు గదంతా నొప్పుల బామ్ వాసన వస్తుంది. సల్ఫైడ్ కంపు తరవాత అది ఉపశమనమే.

భద్రత విషయంలో ఈ సీసా మీద ఎన్ని హెచ్చరికలు రాసినా ఎక్కువ కాదు. కోబాల్ట్ క్లోరైడ్ పొడి ఊపిరితో లోపలికి పోతే క్యాన్సర్ కారకమని గుర్తించి, ఐరోపా సమాఖ్య 2008లోనే దాన్ని తీవ్రంగా ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. తూచేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. ఒకసారే ఎక్కువ ద్రావణం కలిపి పెట్టుకుంటే పొడి ముట్టుకునే అవసరం తగ్గుతుంది. అమ్మోనియం సల్ఫైడ్ నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా ప్రమాదకరం. కుళ్లిన గుడ్ల కంపు ఉన్నంతసేపు జాగ్రత్తగా ఉంటాం, కానీ వాయువు మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టడమే మానేస్తుంది. విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేని గదిలో ఈ పని చేయవద్దు. మిగిలిన ద్రావణాలను సింకులో పోయకుండా విడి సీసాలో పోగుచేయాలి. డిగ్రీ, పీజీ తరగతుల్లో జంతువుల కోతలను తగ్గించి క్రమంగా మానేయమని యూజీసీ మార్గదర్శకాలు వచ్చాక ఈ పనిని తరగతి మొత్తంతో చేయించే అవసరమూ లేదు. ఒకసారి బాగా తయారైన పది స్లైడులు ఎన్నో ఏళ్ల తరగతులకు సరిపోతాయి.

పోటీ సరుకు గురించి చెప్పకపోతే సమీక్ష పూర్తికాదు. 1978లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన వాల్టర్ స్టీవర్ట్ పరిచయం చేసిన లూసిఫర్ యెల్లో అనే ఫ్లోరెసెంట్ రంజకం, ఒక్క కణాన్ని ఎలక్ట్రోడ్‌తో గుచ్చి దాని విద్యుత్ సంకేతాలను నమోదు చేసి, వెంటనే రుణవిద్యుత్తుతో రంగు నింపాలనుకునేవారికి కోబాల్ట్ కన్నా ఎంతో మెరుగు. కణం బతికి ఉండగానే పసుపుపచ్చగా వెలుగుతుంది, సల్ఫైడ్ అక్కరలేదు, ఫార్మాల్డిహైడ్‌తో అక్కడే స్థిరపడుతుంది. కోబాల్ట్ అయాన్లు కాల్షియం దారులను మూసేస్తాయి కాబట్టి దీనితో నిండిన కణం నుంచి ఆ తరవాత మామూలు ప్రవర్తన ఆశించలేం. అయితే లూసిఫర్ యెల్లోకూ పేచీలున్నాయి. అది లిథియం లవణం. వెనక పొటాషియం క్లోరైడ్ నింపితే ఎలక్ట్రోడ్ మొనలో గడ్డ కడుతుంది, లిథియం క్లోరైడే నింపాలి. పైగా రంగు నిండిన కణం మీద నీలికాంతి ఎక్కువసేపు పడితే ఆ కణం చచ్చిపోతుంది. కణాన్ని చూడాలని వేసిన వెలుగే దాని ప్రాణం తీస్తుందన్న మాట. కొందరు కావాలనే దీన్ని వాడుకుని ఒక్కొక్క కణాన్నీ తొలగించి ప్రయోగాలు చేశారు, అది వేరే సంగతి. ధనవిద్యుత్తుతో పోయే న్యూరోబయోటిన్, ఆ తరవాత దానికి అతుక్కునే ఫ్లోరెసెంట్ స్ట్రెప్టావిడిన్ పట్టించే పద్ధతి చిన్న రెమ్మలను ఇంకా స్పష్టంగా చూపుతుంది. కానీ న్యూరోబయోటిన్ కణాలను నేరుగా కలిపే గ్యాప్ జంక్షన్ల గుండా పక్క కణాల్లోకి కూడా పాకుతుంది కాబట్టి వెలిగిన ప్రతి కణాన్నీ మనం నింపిన కణంగా లెక్కించకూడదు. నరం కొస నుంచి నింపడానికి 3000 అణుభారం గల రోడమిన్ డెక్స్‌ట్రాన్ అనే ఫ్లోరెసెంట్ రంజకం శుభ్రంగా, వాసన లేకుండా పనిచేస్తుంది. ఒకే నాడీసంధిలో రెండు నరాలకు రెండు రంగులు ఎక్కించాలన్నా, ప్రతిరక్షకాలతో కలిపి చూడాలన్నా, కన్‌ఫోకల్ సూక్ష్మదర్శినిలో లోతు కొలవాలన్నా ఈ ఫ్లోరెసెంట్ రంజకాలే దిక్కు. కోబాల్ట్ నలుపు ఒక్కటే నలుపు. తేడా అల్లా, ఈ మూడింటికీ సూక్ష్మదర్శిని ఖర్చు వేరే ఉంది, నా గులాబీ సీసాకు పెట్టిన డబ్బుతో వాటిలో చిటికెడు కూడా రాదు. వెలిగే రంగులు కాలంతో వెలిసిపోతాయి కూడా. డీపీఎక్స్ అనే స్లైడు జిగురులో అమర్చిన నా మొదటి కోబాల్ట్ స్లైడు ఇవాళ్టికీ అంతే నల్లగా ఉంది.

2024 అక్టోబర్‌లో ఈగ జాతికి చెందిన డ్రొసోఫిలా మెదడులోని 1,39,255 నాడీకణాల పూర్తి అనుసంధాన పటం వెలువడ్డాక, ఇంకా ఒక్కొక్క కణానికీ రంగు ఎక్కించడం ఎందుకని నన్ను అడిగినవారున్నారు. ఆ పటం డ్రొసోఫిలాది. మన పొలాల్లోని పురుగుల్లో చాలావాటికి అలాంటిది లేదు. వరి పంటను తినే హీరోగ్లైఫస్ బానియన్ అనే మిడతలో వాసన పసిగట్టే మార్గంలోని కణాలను హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అధ్యయనం చేశారు. అలాంటి కొత్త జీవిని చేతికి తీసుకున్న ప్రతివారూ మొదట చేయవలసింది నరం తెంచి, రంగు ఎక్కించి, ఏ కణం ఎక్కడుందో చూసుకోవడమే.

కొనేవారికి చివరగా ఒక లెక్క. 6 శాతం ద్రావణం చొప్పున 100 గ్రాములతో లీటరున్నరకు పైగా ద్రావణం తయారవుతుంది. ఒక బొద్దింకకు పట్టేది ఒక బొట్టు. నాలుగేళ్లలో నేను సీసా మెడ కిందికి కూడా దిగలేదు. 25 గ్రాముల ప్యాకింగ్ దొరికితే అదే తీసుకోండి, మిగిలిన డబ్బుతో అమ్మోనియం సల్ఫైడ్‌ను అన్నిటికంటే చిన్న సీసాలో, తయారీ తేదీ చదవగలిగేలా ఉన్నది చూసి కొనండి.